మా వాడ రాతలు – 23: ఆయమ్మ నెత్తిన కెమెరా



పసిబిడ్డను చూసుకోడానికి ఇంట్లోనే పెట్టుకున్న ఆయమ్మను నమ్మొచ్చా? నమ్మితే ఎంతవరకు నమ్మాలి? కెమెరా ఏ గదిలో పెట్టాలి, ఆమెకు చెప్పి పెట్టాలా, చెప్పకుండా పెట్టాలా? బెంగళూరు, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో చిన్నపిల్లలున్న ఇళ్ళన్నిట్లో ఈ మాట నడుస్తోంది. మన హాస్టళ్ళలో చదివి, ఉద్యోగాలు తెచ్చుకుని, ఇప్పుడిప్పుడే తల్లిదండ్రులవుతున్న మన పిల్లలు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే ఈ భాగం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మాట రాని బిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టి ఆఫీసుకు పోయే తల్లి భయాన్ని నేను ఎగతాళి చేయను. ఆ భయం నిజం. ఆ భయం మొత్తాన్ని మూటగట్టి, ఇంట్లో అందరికంటే తక్కువ జీతం, తక్కువ నిద్ర, తక్కువ నోరు ఉన్న ఒకే ఒక్క మనిషి నెత్తిన పెడుతున్నారు చూడండి, దానితోనే నా పేచీ.

ఆ మనిషి ఎక్కడి నుంచి పోతుందో చెప్తాను. విడపనకల్లు ఎక్కడుందో తెలియని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: గుంతకల్లు నుంచి బళ్ళారికి పోయే దారిలో ఉంటుంది. ఉరవకొండ నియోజకవర్గం. నల్లరేగడి నేల. వాన పడితే పప్పుశనగ, పత్తి, మిరప. పడకపోతే బెంగళూరు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని అనంతపురం గురించి మనం చిన్నప్పుడే బళ్ళో చదువుకున్నాం కదా, ఆ పాఠం మా వాడల్లో బస్సు టికెట్టుగా మారుతుంది. మగవాళ్ళు బేల్దారి పనికి పోతారు. ఆడవాళ్ళలో మొగుడు చచ్చిపోయినోళ్ళు, మొగుడు వదిలేసినోళ్ళు, బోరు అప్పు నెత్తిన పడినోళ్ళు ఇళ్ళల్లో పనికి పోతారు. సరిహద్దు ఊర్లు కాబట్టి డోనేకల్లు, పాల్తూరు, గడేకల్లు పక్క ఆడవాళ్ళకు కన్నడం కూడా వస్తుంది. బెంగళూరులో ఇదొక అర్హత. తెలుగు మేడంకు తెలుగు, కన్నడం మేడంకు కన్నడం.

పొద్దున వచ్చి మధ్యాహ్నం పోయే పనిమనిషి వేరు, ఇంట్లోనే ఉండే ఆయమ్మ వేరు. రెండోదానికి జీతం కొంచెం ఎక్కువ అంటారు. లెక్క వేద్దాం. నెలకు 18,000 ఇస్తున్నారు అనుకోండి. రోజుకు 600. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా 16 గంటలు. గంటకు 37 రూపాయల 50 పైసలు. ఇందులో రాత్రి పూట బిడ్డ ఏడ్చినప్పుడు లేచే లెక్క కలపలేదు. ఆదివారం కలపలేదు, ఎందుకంటే ఆమెకు ఆదివారం లేదు. కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నప్పుడు బాబాసాహెబ్ తెచ్చిన సవరణతో 1946లో ఫ్యాక్టరీ పనివాడికి వారానికి 48 గంటల పరిమితి వచ్చింది. ఎనభై ఏళ్ళలో ఆ పరిమితి ఫ్యాక్టరీ గేటు నుంచి ఫ్లాటు గుమ్మం దాకా నడిచి రాలేకపోయింది.

మా ఊర్లలో పెద్దోళ్ళకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. దీన్ని వాళ్ళు జీతం ఉండడం అంటారు. రెడ్డిగారింట్లో జీతం ఉన్నాడు అంటే పశువుల కొట్టంలో పడుకుని, కోడి కూసేసరికి లేచి, ఏడాది పొడుగునా వాళ్ళు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలకాలి అని. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. మగ జీతగాళ్ళు చాలామటుకు బయటపడ్డారు. ఆ జీతమే ఇప్పుడు చీర కట్టుకుని పదకొండో అంతస్తుకు లిఫ్టులో ఎక్కింది. ఆ లిఫ్టు కూడా సర్వీసు లిఫ్టే.

ఇప్పుడు నమ్మకం సంగతికి వద్దాం.

పనికి పెట్టుకునే ముందు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "మీరేమోళ్ళు?" అని. సిటీలో కులం లేదు అనేవాళ్ళు ఒక్కసారి ఏజెంటు పక్కన నిలబడి ఆ ఫోన్ కాల్ వినాలి. వంటా, బిడ్డా రెండూ చూసుకోవాలంటే ఈ ప్రశ్న తప్పదు. మా వాళ్ళలో ఎంతమంది అక్కడ తమ కులం ఉన్నదున్నట్టు చెప్తారు? కాపోళ్ళమని చెప్పేవాళ్ళున్నారు, బోయోళ్ళమని చెప్పేవాళ్ళున్నారు, మెడలో సిలువ తీసి సంచిలో పెట్టుకుని బొట్టు పెట్టుకునేవాళ్ళున్నారు. మా వీధిలో వరసకు అత్తయ్యే ఒకామె ఒక మాట చెప్పింది: "నా పేరు మార్చుకుంటి, మా యమ్మ పేరు మార్చుకుంటి, ఆ పాపోడు నన్ను పిలిసే పేరు నాది కాదప్పా. వాడు పిలిసినప్పుడల్లా గుండె జల్లుమంటాది, పలక్కపోతే యాడ దొరికిపోతానో అని."

చూడండి, నమ్మకం అనే ఈ వ్యవహారం అబద్ధంతోనే మొదలవ్వాలని కండిషన్ పెట్టింది ఎవరు? నిజం చెప్తే పని లేదు. అబద్ధం చెప్తే, రేపు ఆధార్ జిరాక్సులో ఊరి పేరూ ఇంటిపేరూ చూసి ఎవరో గుర్తుపట్టినప్పుడు "చూశారా, వీళ్ళను నమ్మకూడదు" అనే మాట. ఆమె బిడ్డకు ఏం చేసింది అన్న ప్రశ్న అక్కడ ఉండదు.

ఇంకొకటి. బిడ్డ ఉచ్చ, బిడ్డ దొడ్డి, బిడ్డ వాంతి ఆమె చేతికి అంటొచ్చు. బిడ్డ నోట్లో ఆమె చేతి ముద్ద పోవచ్చు. ఆమె నీళ్ళు తాగే గ్లాసు మాత్రం సింకు కింద వేరేగా ఉంటుంది. అంటరానితనం గురించి పుస్తకాలు చదివే విద్యార్థులు ఈ వింతను ఒకసారి ఆలోచించాలి. ముట్టుకోవడం సమస్య అయితే బిడ్డను ఎందుకిస్తారు? సేవగా ముట్టుకుంటే మైల లేదు, సమానంగా ముట్టుకుంటేనే మైల.

ఇది ఇవాళ్టిది కూడా కాదు. బ్రిటిష్ దొరల బిడ్డలను పెంచింది మన దేశపు ఆయాలే. ఓడల్లో ఇంగ్లండు దాకా బిడ్డలను ఎత్తుకుపోయి, అక్కడ పని అయిపోయాక తిరుగు టికెట్టు ఇవ్వకుండా వదిలేస్తే దిక్కులేకుండా నిలబడినవాళ్ళు ఉన్నారు. అట్లాంటివాళ్ళు తలదాచుకున్న ఆయాల హోమ్ లండన్ హాక్నీలో ఉండేది. 2022లో ఆ ఇంటి గోడకు నీలం ఫలకం పెట్టారు. దొరల ఉత్తరాల్లో ఆయా ప్రేమ గురించి ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. ఆయా జీతం గురించి, ఆయా సొంత బిడ్డ గురించి వెతకండి, దొరికితే నాకు చెప్పండి.

"మరి బిడ్డలను కొట్టే ఆయాలు లేరా అన్నా?" అని అడుగుతారు. ఉన్నారు. 2016 నవంబరులో నవీ ముంబై ఖార్‌ఘర్‌లో ఒక క్రెష్‌లో పది నెలల పాపను కొట్టడం కెమెరాలో బయటపడింది. 2022 ఫిబ్రవరిలో సూరత్‌లో ఎనిమిది నెలల బాబును ఆయా కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆ బిడ్డకు మెదడులో రక్తస్రావం అయింది. అట్లా చేసినవాళ్ళకు శిక్ష పడాల్సిందే. మన కులమా, మన వాడా అని చూసి వెనకేసుకు రావడం నా దగ్గర కుదరదు.

అయితే ఆ రెండు చోట్లా కెమెరా ఏం చేసిందో గమనించండి. దెబ్బ పడ్డాక చూపించింది. దెబ్బను ఆపలేదు. సాక్ష్యంగా అది పనికొస్తుంది, కాదనను. బిడ్డను కాపాడేది మాత్రం అది కాదు. బిడ్డను చూసుకునే మనిషికి నిద్ర ఉందా, తోడుగా మరో మనిషి ఉందా, "ఈరోజు నాకు చేతకావడం లేదు మేడం, మీరు రండి" అని చెప్పే వీలుందా అన్నది ముందు చూడాలి. పదహారు గంటలు పని చేసి, రాత్రి మూడుసార్లు లేచిన మనిషి చేతిలో ఏ బిడ్డయినా క్షేమం అని ఏ డాక్టరు చెప్తాడు? లారీ డ్రైవరు నిద్ర లేకుండా నడిపితే ప్రమాదం అని అందరికీ తెలుసు. ఆయమ్మ నిద్ర గురించి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ ఉండదు. పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, రహస్య కెమెరా బ్రాండ్లు ఉంటాయి, సెల్‌ఫోన్ ఎన్ని గంటలకు తీసి దాచిపెట్టాలో ఉంటుంది.

ప్రమాదం ఎప్పుడూ మెట్ల కింద నుంచే వస్తుంది అనే నమ్మకం ఎంత మోసమో తెలుగువాళ్ళకు ఒక కేసు చెప్పాలి. 2012 అక్టోబరు, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, కింగ్ ఆఫ్ ప్రష్యా. ఒక తెలుగు ఉద్యోగుల జంట. పది నెలల పాపను చూసుకోడానికి ఇంటి నుంచి నానమ్మ వచ్చి ఉంది. సొంత మనిషి, అంతకు మించిన నమ్మకం ఏముంటుంది? 50,000 డాలర్ల డబ్బు కోసం పాపను ఎత్తుకుపోవడానికి వచ్చి, అడ్డం వచ్చిన నానమ్మను చంపి, పాపనూ చంపినవాడు ఎవరు? ఆ కుటుంబానికి తెలిసినవాడు. వాళ్ళలాగే చదువుకున్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2014లో అక్కడి జ్యూరీ అతనికి మరణశిక్ష వేసింది. అతన్ని ఎవరైనా పోలీసు వెరిఫికేషన్ అడిగారా? ఇంటికి వచ్చే స్నేహితుణ్ణి "మీరేమోళ్ళు, ముందు ఎక్కడ పని చేశారు" అని ఎవరైనా అడుగుతారా?

మన దేశంలో ఎన్‌సీఆర్‌బీ లెక్కలు తీయండి. బిడ్డల మీద లైంగిక దాడుల కేసుల్లో 90 శాతం పైన నిందితుడు ఆ బిడ్డకు తెలిసినవాడే. ఇంటివాళ్ళు, బంధువులు, ఇరుగుపొరుగు, స్నేహితులు. కెమెరా మాత్రం ఆయమ్మ పడుకునే మూల వైపు తిరిగి ఉంటుంది. మామయ్య వచ్చినప్పుడు మర్యాదకని ఆపేస్తారు.

ఇప్పుడు దీనికి తలకిందుల ప్రశ్న. ఆయమ్మను కొడితే ఏ కెమెరా చూస్తుంది?

2023 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో ఒక జంటను అరెస్టు చేశారు. తమ బిడ్డను చూసుకోడానికని జార్ఖండ్ నుంచి తెచ్చుకున్న మైనరు బాలికను నెలల తరబడి కొట్టి, కాల్చి, తిండి పెట్టకుండా ఉంచారని కేసు. ఇద్దరూ మంచి కంపెనీల్లో ఉద్యోగులు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఇళ్ళల్లో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం, ఆ పైన వయసు పిల్లకైనా ఇట్లాంటి బతుకు ఏ చట్టమూ ఒప్పుకోదు. అయినా ఆ పిల్ల అన్ని నెలలు ఒక నగరం నడుమ, గేటులూ వాచ్‌మెన్లూ ఉన్న చోట, ఎవరికీ కనిపించలేదు. బిడ్డను కాపాడడానికి ఇంకో బిడ్డను తెచ్చుకున్నారు, అదీ చూడండి.

చట్టం దగ్గరికి పోదాం అంటారా? గుమ్మం దగ్గర చట్టం చెప్పులు విప్పి బయటే నిలబడుతుంది. 2020 నవంబరు 5న హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? నాలుగు గోడల మధ్య, బయటి సాక్షులెవరూ లేనిచోట కులం పేరుతో తిట్టినా అది అట్రాసిటీ చట్టంలోని అవమానం సెక్షన్ కిందకు రాదు, ప్రజలు చూసే చోట జరగాలి అని. న్యాయ విద్యార్థులు ఈ తీర్పు చదివే ఉంటారు. దీన్ని ఆయమ్మ బతుకులో పెట్టి చదవండి. ఆమె పని చేసేది నాలుగు గోడల మధ్య. పడుకునేది నాలుగు గోడల మధ్య. "మాదిగ బుద్ధులు" అని తిట్టేది నాలుగు గోడల మధ్య. అక్కడ ఉన్న ఒకే ఒక సాక్షి ఆ కెమెరా. ఆ కెమెరా పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది?

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఒక వ్యక్తి సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదు అని అందులోనే రాశారు. అంటే యజమానికి ఇల్లు, కాబట్టి కెమెరా ఆయన ఇష్టం. ఆమెకు అది పని చేసే చోటు అన్న మాట ఆ చట్టానికి గుర్తు రాలేదు. బట్టలు మార్చుకునే చోట, స్నానం చేసే చోట రహస్యంగా తీస్తే ఐటీ చట్టం 66ఇ, భారతీయ న్యాయ సంహిత 77 కింద నేరం, ఇది మన అక్కలకు నోటికి రావాలి. మిగతా పదహారు గంటలకూ ఆమె ముఖం, ఆమె అన్నం తినడం, ఆమె ఒంటరిగా ఏడవడం యజమాని ఆఫీసులో కూర్చుని మొబైల్‌లో చూడొచ్చు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఒక్కటే ఇంటిని పనిచోటుగా ఒప్పుకుని ఇంటి పనివారిని పేరు పెట్టి కలుపుకుంది. జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి అంది. మీ జిల్లాలో ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుందో కలెక్టరేట్‌కు పోయి అడగండి, అది కూడా ఒక ఉద్యమమే.

దీనికి పెద్ద మనసున్నవాళ్ళు ఇచ్చే జవాబు ఒకటుంది. "మేము పనిమనిషిలా చూడం, ఇంట్లో మనిషిలా చూసుకుంటాం." ఈ మాట వింటే నాకు భయం. ఇంట్లో మనిషికి ఆస్తిలో వాటా ఉంటుంది. ఇంట్లో మనిషి సోఫాలో కూర్చుంటుంది. ఇంట్లో మనిషికి జ్వరం వస్తే జీతం కోయరు. అక్కా, పెద్దమ్మా అని పిలిపించుకోవడం వల్ల ఆమెకు పోయేవి రెండు: పనిగంటలు అడిగే నోరు, సెలవు అడిగే నోరు. అక్కలు సెలవు అడుగుతారా?

అగ్రకులాల ఇళ్ళ గురించే రాస్తున్నాను అనుకుని మనవాళ్ళు హాయిగా చదువుతుంటే ఇక్కడ ఆగండి. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన దేశపు డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. తన పిల్లలను చూసుకోడానికి తీసుకుపోయిన ఆయా వీసా కాగితాల్లో గంటకు 9.75 డాలర్లు అని రాసి, నిజానికి నెలకు 30,000 రూపాయలకే ఒప్పుకున్నారని, అంటే గంటకు మూడు డాలర్ల పైచిల్లర అని అక్కడి ప్రాసిక్యూటర్ల ఆరోపణ. దౌత్య రక్షణ కారణంగా ఆ కేసు విచారణ దాకా పోలేదు. ఆ అధికారిణి దళిత స్త్రీ. ఆమెను బట్టలిప్పి సోదా చేశారని దేశమంతా మండిపడింది, మన సంఘాలూ మండిపడ్డాయి. ఆ అవమానం మీద కోపం న్యాయమే. మరి ఆయా జీతం మీద మన సంఘాల్లో ఎన్ని కరపత్రాలు వచ్చాయి? ఢిల్లీలో ప్రభుత్వం అమెరికా ఎంబసీ ముందు బారికేడ్లు తీసేసింది. ఒక ఆయా కోసం ఎవరైనా బారికేడ్ పెట్టారా?

రిజర్వేషన్‌తో టీచరైన, డాక్టరైన, ఇంజనీరైన మన అన్నలు, అక్కలు అనంతపురంలో, హైదరాబాదులో ఆయమ్మలను పెట్టుకుంటున్నారు. తప్పు లేదు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో బిడ్డను ఎవరో ఒకరు చూడాలి. నా ప్రశ్న: మీ ఇంట్లో ఆమెకు వారానికి ఒక రోజు సెలవు ఉందా? ఆమె గ్లాసు ఎక్కడ ఉంది?

ఇంక అసలు విషయం. ఆమె బెంగళూరులో ఇంకొకరి బిడ్డను ఎత్తుకుని తిప్పుతున్నప్పుడు విడపనకల్లులో ఆమె బిడ్డను ఎవరు ఎత్తుకున్నారు? అవ్వ. చూపు సరిగా లేని అవ్వ. ఆ బిడ్డ మీద కెమెరా లేదు, గేటు యాప్ లేదు. వాళ్ళమ్మ రాత్రి పదకొండుకు బాత్రూంలో కూర్చుని వీడియో కాల్ చేసేసరికి వాడు నిద్రపోయి ఉంటాడు. ఎవరూ అడగని "నమ్మకం" అంటే అది. ఆమె తన బిడ్డను ఊరికి నమ్మి వదిలిపోయింది.

ఊరు ఏమిచ్చింది? 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైంది, అంగన్‌వాడీ వచ్చింది. సాయంత్రం కాకముందే తాళం పడుతుంది. వాడలో తల్లి పని సాయంత్రానికి అయిపోదు కదా. ఆ అంగన్‌వాడీ అక్కలు జీతం పెంచమని 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవలు. సమ్మె చేసినప్పుడు బిడ్డలను చూడడం అత్యవసర సేవ, జీతం అడిగినప్పుడు అది గౌరవ వేతనం. నిఘా మాత్రం అక్కడా తక్కువ లేదు, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్, రోజూ ఫొటోలు, ఎంట్రీలు. సెల్‌ఫోన్‌తో కొట్లాడేసరికే పొద్దు పోతుంది అంటారు.

ఇక్కడే మన జిల్లా వాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టం షెడ్యూల్‌లో ఒక చిన్న నిబంధన రాశారు. పనిచోటికి వచ్చే తల్లుల వెంట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే, ఆ పనికొచ్చిన ఆడవాళ్ళలోనే ఒకరిని పిల్లలను చూసుకోడానికి పెట్టాలి, ఆమెకూ కూలి రేటు ఇవ్వాలి. అర్థం చేసుకోండి. మట్టి తవ్వడం ఎంత పనో బిడ్డను చూడడం అంత పని అని, దానికీ కూలి కట్టాలి అని చట్టం రాసింది. ఆ చట్టంలో ఆయమ్మ "ఇంట్లో మనిషి" కాదు. ఎండలో చెట్టు కింద ఐదుగురు పిల్లలను పెట్టుకుని కూర్చున్న ఆమె మస్టర్‌లో పేరున్న కూలి మనిషి. తల్లులు పిలుపు దూరంలో ఉంటారు. నలుగురూ చూస్తుంటారు. బిడ్డకు అంతకు మించిన రక్షణ ఏముంది?

ఎన్ని పనిచోట్ల ఆ ఆయమ్మను పెట్టారు అని అడగకండి, మీ ఊర్లోనే అడిగి చూడండి. కాగితం మీద ఉన్నదాన్ని నిలబెట్టుకుని ఉంటే మా అక్కల్లో కొందరైనా బస్సెక్కేవాళ్ళు కాదు.

అటు పక్కా అంతే. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, ఆ పైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్ పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసి రావచ్చు అన్నారు. పెద్ద పెద్ద అద్దాల బిల్డింగుల్లో పని చేసే తల్లులు ఆ క్రెష్ కోసం కంపెనీని నిలదీసే బదులు కెమెరా కొంటున్నారు. కంపెనీ తప్పించుకుంది, ప్రభుత్వం తప్పించుకుంది, మొగుడు ఎప్పుడో తప్పించుకున్నాడు. చివరికి ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు, ఒకామె మొబైల్‌లో చూస్తుంటుంది, ఇంకొకామెను చూస్తుంటారు.

కెమెరా అసలే వద్దా అంటే, నేను అట్లా అనను. బిడ్డ ఆడుకునే చోట, చెప్పి, చూపించి పెట్టుకోండి. ఆమె పడుకునే చోట, బట్టలు మార్చుకునే చోట వద్దు. ఆ రికార్డింగు ఆమె అడిగితే ఆమెకూ ఇవ్వాలి, దొంగతనం అంటగట్టినప్పుడు అదే ఆమెకు సాక్ష్యం. 2017 జులైలో నోయిడాలో ఒక పెద్ద సొసైటీలో ఇంటి పనిచేసే ఆమె మీద దొంగతనం మాట వచ్చి, ఆమె రాత్రంతా ఇల్లు చేరకపోతే వాడ వాడంతా గేటు మీదకు వచ్చింది గుర్తుందా? అక్కడ ఎవరి మాట నిజం అన్నది కెమెరా ఉన్నవాళ్ళే చెప్పగలరు, అదే సమస్య.

కాగితం ఉండాలి. పని గంటలు, రాత్రి లేస్తే ఆ లెక్క, వారం సెలవు, జీతం తేదీ, పడుకునే చోటు, సెల్‌ఫోన్ ఆమెదే, ఆధార్ ఒరిజినల్ ఆమె సంచిలోనే. ఇంకొకటి, దీన్ని మన అక్కలందరికీ నేర్పాలి. యజమాని ముందు పని చేసిన ఇంటి ఫోన్ నెంబరు అడుగుతాడు కదా. అడగనీండి, ఇవ్వండి. మీరూ అడగండి: "మీ ఇంట్లో నాకంటే ముందు చేసిన ఆయమ్మ నెంబరు ఇవ్వండి మేడం." వెరిఫికేషన్ అనేది ఒక వైపే ఎందుకు నడవాలి? ఆ ఇంట్లో జీతం సమయానికి ఇస్తారా, సారు ఎట్లాంటివాడు, అన్నం కడుపునిండా పెడతారా, ఇవి చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

ఇంటి పనికి కనీస వేతనం కర్ణాటకలో 2004లోనే ప్రకటించారు, మన ఉమ్మడి రాష్ట్రంలో 2007లో. ఐఎల్ఓ 189వ ఒప్పందం 2011లో వచ్చింది, మన దేశం అక్కడ చెయ్యెత్తి ఓటేసి ఇంటికొచ్చి సంతకం పెట్టలేదు. కువైట్‌కు పోయిన మన కడప, అనంతపురం అక్కల కష్టాల గురించి మనం ఎంతైనా మాట్లాడతాం, మాట్లాడాలి. ఆ కువైట్ కూడా 2015లో ఇంటి పనివారికి చట్టం చేసింది, అమలు ఎట్లా ఉన్నా రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవు అని రాసింది. మన దేశానికి అట్లాంటి చట్టం లేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటి పనివారికి చట్టం సంగతి చూడడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. మన విద్యార్థి సంఘాలు ఆ తీర్పు మీద ఒక్క సభ పెట్టలేదు. ఫెలోషిప్ మీద పెడతాం, అదీ పెట్టాలి. మీ అమ్మ పని మీద ఎప్పుడు పెడతారు?

సంక్రాంతి అయిపోయి శనగ కోత ముగిసేసరికి మళ్ళీ బస్సులు నిండుతాయి. ఈసారి పోయే అక్కల కోసం ఒక పేజీ ఒప్పంద కాగితం తయారు చేస్తున్నాం. తెలుగులో రాయడం అయింది. బెంగళూరు కాబట్టి కన్నడంలో కూడా కావాలి. బళ్ళారిలో, హోస్పేటలో లా చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే రాయండి. కాగితం వెనక ఫోన్ నెంబర్లు పెద్ద అక్షరాలతో వేస్తున్నాం: మహిళలకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100, అట్రాసిటీ ఫిర్యాదుకు 14566, ఊర్లో వదిలిపోయిన బిడ్డకు 1098. చదువు రాని అక్కలు నెంబరు గుర్తుపట్టేలా పక్కన బొమ్మలు వేయగలిగినవాళ్ళు కూడా కావాలి.